పది బొమ్మల రోలు

రైల్వే క్వార్టర్లు, వెనక వరస
జనవరి

బావగారికి నమస్కారాలు.

మీ కోపమూ మీ స్టూడియో రెండూ మునుపటిలాగే నడుస్తున్నాయని అక్క రాసింది. సంతోషం. ఇక్కడ విశేషం ఏమిటంటే, జూన్ నెలాఖరుకి నాన్న రిటైరవుతున్నారు. ఆయనతోపాటు ఆయన ఇంజనూ రిటైరవుతోంది. మా లైనులో బొగ్గింజన్లకి అదే ఆఖరు. ఆ తర్వాత అన్నీ డీజిళ్లే.

మొన్న ఆదివారం ఎప్పటిలాగే గోడకి దుప్పటి కట్టి, ప్రొజెక్టరు పెట్టి నా రైలు స్లైడ్లు వేశాను. గూడ్సాఫీసులో నా తోటి గుమాస్తాలు, ఇంజన్ల షెడ్డువాళ్లు, వాళ్ల పిల్లలు అందరూ వచ్చారు. నాన్న కుర్చీ ముందుకి లాక్కుని, ఏ బండికి ఏ డ్రైవరో చెబుతూ, చెప్పినవాణ్ణల్లా తిడుతూ కూర్చున్నారు. అంతా వెళ్లిపోయి నేను దీపం వేశాక నెమ్మదిగా అన్నారు: "ఇంతమంది బళ్లు తీశావు. నేను బండి నడుపుతుంటే ఎలా ఉంటానో నేనెప్పుడూ చూళ్లేదురా. నడిపేవాడికి తన బండి వెళ్లడం కనపడదు కదా."

ఆయన బండి తెల్లారకముందే వెళ్తుంది, చీకటిపడ్డాక తిరిగొస్తుంది. మన స్లైడు ఫిల్ము ఎంత మందకొడిదో మీకు తెలుసు. ఎండ బాగా కాస్తే తప్ప కదిలే బండి దానికి అందదు. అందుకే ఇన్నేళ్లలో ఊళ్లో డ్రైవర్లందర్నీ తీశాను గానీ కన్నతండ్రిని తియ్యలేకపోయాను. అయితే ఆఖరి రోజున స్పెషల్ బండి వేసి పగటిపూట పంపిస్తారట. నాన్నే నడుపుతారు. ఉన్నది ఆ ఒక్క అవకాశం.

అందుకే మీ సలహా కావాలి. నా దగ్గరున్నది ముప్పై అయిదు ఎమ్మెమ్ చిన్న కెమెరా. మీరు వాడే పెద్ద ఫిల్ము కెమెరా లాంటిది, వాడినది, ఒకటి ఇక్కడ అమ్మకానికి వచ్చింది. చిన్నది అమ్మితేగానీ పెద్దది కొనలేను. ఏం చెయ్యమంటారు? తిట్టకుండా రాయండి.

మీ బావమరిది


స్టూడియో, మేడమీది గది
ఫిబ్రవరి

బావమరిదికి,

తిట్టకుండా రాయమన్నావు. ప్రయత్నించాను, కుదర్లేదు.

నీ చిన్న ఫిల్ము చూస్తేనే నాకు వాంతి వచ్చినట్టుంటుంది. తపాలా బిళ్లంత బొమ్మలో ఇంజను, పొగ, వంతెన, కొండ, ఆకాశం అన్నీ ఇరికించి, పైగా దాన్ని దుప్పటి మీద ఏనుగంత చేసి చూపిస్తావు. మసక తప్ప ఏం కనపడుతుంది? నా పెద్ద ఫిల్ము బొమ్మ అరచేతిలో సగం ఉంటుంది. భూతద్దం పెడితే బాయిలరు మీద రివెట్లు ఒక్కొక్కటీ పలకరిస్తాయి. కేలండరు కంపెనీవాళ్లు పెద్ద స్లైడు తప్ప ముట్టుకోరు. చిన్నది తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పెట్టినవాణ్ణి, కాళ్లకి బురదతో లోపలికొచ్చినవాణ్ణి చూసినట్టు చూస్తారు.

రోలుకి ముప్పై ఆరు బొమ్మలున్నాయన్న ధీమాతో మీ చిన్న ఫిల్ము జనమంతా ముప్పై ఆరు చెత్త బొమ్మలు తీస్తారు. నాకు పదే ఉంటాయి. నొక్కేముందు ఆలోచిస్తాను. మీకా అలవాటే లేదు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా పాస్‌పోర్టు మొహాలు తీసి తీసి మనుషులంటేనే ఏవగింపు పుట్టింది. ఒకడు గడ్డం మీద మచ్చ తీసేయమంటాడు. ఇంకొకావిడ తన చెవులు తనవి కావంటుంది. రైలొక్కటే నన్ను నవ్వమంటారా అని అడగదు. అలాంటిదాన్ని తపాలా బిళ్లలో పెట్టడం నా వల్ల కాదు.

ఆ ఆటబొమ్మ అమ్మేసి పెద్దది కొను. జూన్లో నేనూ వస్తాను. ఇద్దరం రెండు కెమెరాలతో నిలబడితే మామగారు ఎక్కడికి పోతారు?

మీ అక్క ఆశీస్సులు చెప్పమంది. నావి నువ్వు కొన్నాక.

బావ


రైల్వే క్వార్టర్లు
మార్చి

బావగారికి,

మీ మాట మీద అమ్మేశాను. మీ మాట మీదే కొన్నాను. ఈ కెమెరా మెడలో వేసుకుంటే తిరగలిరాయి వేలాడదీసుకున్నట్టుంది. షట్టరు పడితే గూడ్సు వ్యాగన్లు గుద్దుకున్న చప్పుడు.

ఒక్క సంగతి మీరు చెప్పలేదు. ఈ స్లైడు నా ప్రొజెక్టర్లో పట్టదు. దానికి వేరే ప్రొజెక్టరు కావాలట. అలాంటిది ఈ ఊళ్లో ఎవరికీ లేదు. పాత స్లైడ్లు అందరూ చూసేసినవే. ఇప్పుడు మా ఇంట్లో ఆదివారాల్లేవు. మొదటి వారం పిల్లలొచ్చి గుమ్మంలో నిలబడి, దుప్పటి లేదని చూసి వెళ్లిపోయారు. నాన్నకి కొత్త స్లైడిస్తే కిటికీ వైపు ఎత్తి చూసి, "ఇది పదిమందీ కలిసి ఎలా చూస్తార్రా?" అన్నారు. దీనికి జవాబు మీ దగ్గరుంటే రాయండి.

మీ బావమరిది


కొండ మలుపు స్టేషన్, వెయిటింగ్ రూము
మే

బావమరిదికి,

స్లైడనేది అచ్చు వెయ్యడానికి. గోడ మీద వేసి సినిమా హాలు నడపడానికి కాదు. ఇదే జవాబు.

ఈ ఉత్తరం మలుపు దగ్గర స్టేషన్లో కూర్చుని రాస్తున్నాను. ఎక్కడ నిలబడాలో చూసుకోవడానికి వచ్చాను. రాత్రి పడుకున్న లాడ్జిలో తలగడకి ఇంతకుముందు పడుకున్నవాళ్లందరి నూనే అంటుకుని ఉంది. నల్లులకి నేనే భోజనం. బకెట్టు అడుగున ఎవరివో వెంట్రుకలు. ఈ వెయిటింగ్ రూములో బెంచీ మీద ఎవడో తిన్నదంతా ఒలకబోసి దానిమీద కాగితం కప్పి పోయాడు. ఆ కాగితం మీద కూర్చున్నాను. ప్యాంటు గురించి ఇంక రాయను.

స్థలం మాత్రం అద్భుతం. పొద్దుటి ఎండ డ్రైవరు కూర్చునే వైపే పడుతుంది. బండి మలుపు తిరిగి పట్టాల పక్కనున్న దిబ్బ ముందుకి రాగానే ఇంజను మొత్తం పక్కగా దొరుకుతుంది, మూతి దగ్గర్నుంచి డ్రైవరుండే క్యాబు దాకా. మామగారు తల బయటపెడితే మొహం మీద ఎండ. మన ఫిల్ముకి అంతకంటే వెలుగు అక్కర్లేదు. మలుపులో కనపడగానే నొక్కడం మొదలుపెట్టకు. దిబ్బ దాకా రానియ్. ఇది నీ పాత కెమెరా కాదని పడుకునేముందు రోజూ నీకు నువ్వు చెప్పుకో.

బావ


స్టూడియో
జూలై

బావమరిదికి,

తిరిగొచ్చి వారమైంది. ఇప్పటికీ నీ మీద కోపంతో అన్నం సహించడం లేదు.

మొదట ఆఖరి బండి ఫొటో కోసం ఎగబడ్డ ఆ జనం సంగతి. మనం చీకటితో వెళ్లి నిలబడిన దిబ్బ ఎక్కి, మన ముందే మూడుకాళ్ల స్టాండ్లు పాతారు. ఒకడు నీడ పడుతోందని పచ్చటి చెట్టు కొమ్మలు నరికించాడు. ఒకడు స్టేషనుకి వెళ్లి, "మీ డ్రైవర్ని పొగ ఎక్కువ వదలమనండి, డబ్బులిస్తాం" అన్నాడు. ఒక మనిషి ఇన్నేళ్ల ఉద్యోగం ఆ రోజుతో దిగిపోతుంటే వీళ్లకి పొగ కావాలి. పీనుగు దగ్గర గద్దలు ఇంతకంటే మర్యాదగా ఉంటాయి. బండి వచ్చేవేళకి ఒక లావుపాటి వెధవ నా ముందుకొచ్చాడు. వాణ్ణి భుజం పట్టి లాగి పారేసి నొక్కాను. నాకు దక్కింది ఆ ఒక్కటే. కడిగించి తెచ్చాను. మూతి దగ్గర్నుంచి మామగారి మోచేయి దాకా బండి మొత్తం పడింది. ఆయన తల బయటపెట్టి ముందుకి చూస్తున్నారు. నా జన్మలో ఇంత మంచి బొమ్మ తియ్యలేదు.

ఇక నీ సంగతి. మలుపులో పొగ కనపడగానే మొదలెట్టావు. టక్, టక్, టక్. నీ పాత కెమెరా చేతిలో ఉందనుకుని పొగకి నాలుగు, మలుపుకి నాలుగు, ఆకాశానికి రెండు. మామగారి క్యాబు నీ ముందు నుంచి వెళ్తుంటే నువ్వు తల వంచుకుని రోలు మారుస్తున్నావు. ఆయన నిన్ను చూసి చెయ్యెత్తారు, తెలుసా? నువ్వు చూళ్లేదు, నేను చూశాను. కన్నతండ్రి ఆఖరి బండికి ఇలా చేసినవాడు లోకంలో ఇంకొకడుంటాడని నేననుకోను.

బావ


రైల్వే క్వార్టర్లు
జూలై

బావగారికి,

మీరు రాసిందంతా నిజమే. మీ ఉత్తరం రాకముందే నన్ను నేను అంతకంటే ఎక్కువ తిట్టుకున్నాను. ఒక్కటి మాత్రం రాయనివ్వండి. నా పాత కెమెరా ఉంటే పొగకీ ఆకాశానికీ పోగా ఇంకా ఇరవయ్యారు మిగిలేవి. అందులో ఒక్కటైనా నాన్నది ఉండేది. ఎవరి మాట మీద అమ్మానో మీకు గుర్తుండే ఉంటుంది.

నాన్న బాగానే ఉన్నారు. పేపరు చదవడం మానేశారు. వార్తలన్నీ అబద్ధాలేనట. మధ్యాహ్నం షెడ్డు వైపు వెళ్లొస్తారు. మా ఆవిడ తోడు పంపిస్తానంటే కోప్పడతారు.

మీ బావమరిది


స్టూడియో
ఆగస్టు

బావమరిదికి,

బొమ్మ కేలండరు కంపెనీ తీసుకుంది. స్లైడు పట్టుకుని వెళ్తే వాళ్ల మేనేజరు మధ్యాహ్నం తింటున్న చేత్తోనే అందుకోబోయాడు. చెయ్యి కడుక్కుని రమ్మన్నాను. స్లైడ్లు పెట్టి చూసే వెలుగుబల్ల మీద తడి గ్లాసు గుండ్రాలు, మెతుకులు. ఆ అద్దం మీద నా స్లైడు పెట్టడమంటే కన్నబిడ్డని మురుగుకాలవలో పడుకోబెట్టినట్టుంది. అయినా పెట్టాను. వచ్చే ఏడాది మొదటి పేజీ మనదేనన్నాడు.

మామగారికి పుస్తకమంత ప్రింటు వేయించి పంపి చాలా రోజులైంది. అందిందని ఒక ముక్క రాలేదు. షట్టరు నొక్కడం ఎలాగూ చాతకాలేదు, కార్డు రాయడం కూడా మర్చిపోయారా మీరంతా? ఆయన చూసి ఏమన్నారో రాయి. నాకు కావలసింది మేనేజరు మెప్పు కాదు.

బావ


రైల్వే క్వార్టర్లు
ఆగస్టు

బావగారికి,

మీరు అడిగారు కాబట్టి ఇక దాచను. నాన్న మీ ప్రింటు చూళ్లేదు. చూడలేరు.

రిటైరైన రెండో వారం నుంచి చూపు మధ్యలో మచ్చ కనపడుతోందని చెప్పారు. చక్కెర జబ్బు వల్ల కంటి వెనక రక్తం చిమ్ముతోందట. మందిస్తే తగ్గదా అని అడిగితే, పెరగడం కాస్త ఆలస్యమవుతుందన్నాడు డాక్టరు. శీతాకాలం దాకా చూపు ఎంత ఉంటే అంత. మీ ప్రింటుని కళ్లకి ఆనించుకుని, పక్కకి తిప్పి, కిటికీ దగ్గరికి వెళ్లి, చివరికి నా చేతికిచ్చి, "బాగా తీశాడని రాయి" అన్నారు. రాయలేకపోయాను. ఆయన మొహం ఆ ప్రింటులో కందిగింజంత. ఆయనకి అదంతా బూడిద రంగు ముద్ద.

వెలుగు బాగా ఉండి, మనిషంత పెద్దగా ఉన్నవి మాత్రం ఇంకా అంచులతో సహా పోల్చుకుంటారు. నిన్న పాత ప్రొజెక్టరు తీసి చిన్న స్లైడొకటి గోడ మీద వేశాను. దగ్గరికి నడిచి వెళ్లి, గోడకి ముక్కు ఆనించినంత పనిచేసి, అది ఎవరి బండో చెప్పారు. తర్వాత అడిగారు: "నాది వెయ్యి."

ఆయనకి ఏం చెప్పాలి బావగారూ? మీది ఈ మిషన్లో పట్టదు అని చెప్పాను. అచ్చు వెయ్యడానికి తీసినది, గోడకి కాదు అని మీ మాటే చెప్పాను. చెబుతుంటే నా నోటి మీద నాకే రోత పుట్టింది. మీ మీద కూడా పుట్టింది. రివెట్లు లెక్కపెట్టుకోవాలని మీకుంది, మీరు లెక్కపెట్టుకున్నారు. ఆయన కోసమని మొదలుపెట్టి, ఆయన తప్ప అందరూ చూసే బొమ్మ తీశాం.

మీ బావమరిది


స్టూడియో, మేడమీది గది
సెప్టెంబరు

బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్క చేతికి ముందు దొరికింది. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నన్ను తిట్టింది చాలక, చెప్పకుండా దాచినందుకు నిన్నూ తిట్టింది. ఆ వాటా నీకు వచ్చే ఉత్తరంలో అందుతుంది.

నేనేం చేశానో విను. పెద్ద స్లైడు ప్రొజెక్టరు ఈ నగరం మొత్తానికి ఒక్కటే ఉంది, ఫొటోగ్రాఫర్ల సంఘంలో. కార్యదర్శి గారింటికి వెళ్లాను. సంఘం ఆస్తి గుమ్మం దాటదన్నాడు. కళ్లు పోతున్న మనిషండీ అన్నాను. "ఆయన సభ్యులా?" అని అడిగాడు. ఆ మాట అన్న నోట్లోనే బిస్కెట్టు పెట్టుకున్నాడు. నేనిచ్చిన చందా రసీదు ఆయన టీలో వేసి వచ్చాను. ఇక ఆ మిషను నాకు ఈ జన్మకి రాదు.

కేలండరు కంపెనీ నుంచి స్లైడు రెండు రోజులకి అడిగి తెచ్చి, ఫిల్ము కడిగే లేబులో చిన్న ఫిల్ము మీద డూప్లికేటు తీయించాను. ఒకటి కాదు, మళ్లీ మళ్లీ తీయించాను. ఆకాశం బాగుంటే క్యాబు చీకటి. క్యాబు కోసం వెలుగు పెంచితే మొహం పాలిపోయి కన్నూ ముక్కూ ఎగిరిపోయాయి. పైగా దానిమీద ఎవడిదో బొటనవేలి ముద్ర. ఇంతకంటే రాదు సార్ అన్నాడు లేబువాడు, వేలు తుడుచుకుంటూ.

ఈలోగా కేలండరు నమూనా వచ్చింది. కూర్చుని చదువు. కింద తేదీలకి చోటు కావాలట, పక్కన కంపెనీ పేరు కావాలట. అందుకని క్యాబు కోసేశారు. మూతి, బాయిలరు, పొగ ఉన్నాయి. మామగారు లేరు. అడిగితే మేనేజరు, "మనిషి ఎందుకండీ, ఇంజను అందంగా ఉంది కదా" అన్నాడు. నలభై ఏళ్లు ఆ ఇంజన్ని నడిపినవాడు వాడికి అంచున అడ్డొచ్చాడు. స్లైడు లాక్కుని, కేలండరు వద్దని చెప్పి వచ్చేశాను. నష్టపరిహారం కోసం దావా వేస్తాడట. వేసుకోనీ.

ఇంటికొచ్చి ఆ స్లైడు బల్లమీద పెట్టుకుని చాలాసేపు చూశాను. నేను తీసిన మంచి బొమ్మ ఇదొక్కటే. దీన్ని తపాలా బిళ్లంత చేసుకుంటేనే నీ మిషన్లో పడుతుంది. స్టీలు స్కేలు పెట్టి, పాస్‌పోర్టు ఫొటోలు కోసే బ్లేడుతో కోశాను. రోజూ మొహాలు కోసే చెయ్యే కదా. క్యాబూ ఆయనా ఉన్న ముక్కని చిన్న స్లైడు అట్ట చట్రంలో పెట్టి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. డూప్లికేటు కాదు, అసలుదే. గోడమీద మనిషంత వస్తారు.

కృతజ్ఞతలు రాశావంటే ఉత్తరం చింపేస్తాను. నా మీద నాకు ఇంకా అసహ్యం తగ్గలేదు, నువ్వు దాన్ని చెడగొట్టకు.

బావ


రైల్వే క్వార్టర్లు
సెప్టెంబరు

బావగారికి,

కృతజ్ఞతలు రాయడం లేదు.

అందిన రోజే దుప్పటి కూడా కట్టకుండా ఉత్త గోడ మీద వేశాను. నాన్న దగ్గరికి వెళ్లారు. గోడకి చెయ్యి ఆనించి, టోపీ అంచు దగ్గర్నుంచి మోచేయి దాకా తడిమారు. చాలాసేపటికి, "సన్నబడ్డాను" అన్నారు. ఆ తర్వాత, "సిగ్నలు స్తంభం దగ్గర తల అంత బయటపెట్టకూడదు. కుర్రాళ్లని దీనికే తిట్టేవాణ్ణి" అన్నారు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. నేనక్కడే నిలబడ్డాను.

తర్వాత ఆయన కుర్చీలోకి వచ్చి కూర్చుని అడిగింది మీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. "మనిషి బాగానే ఉన్నాడు. ఇంజనేదిరా?" అన్నారు.

ఏం చెప్పమంటారు? మీరు ఏం చేశారో చెప్పాను. విని, "ఉత్త మనిషిని చూసుకోడానికైతే అద్దం ఉందిగా" అన్నారు. మీ మీద కోపంతో కాదు. మిగతా ముక్క పారేశారా?

మీ బావమరిది


స్టూడియో
అక్టోబరు

బావమరిదికి,

పారేశాను. కింద ఇంకా పారబొయ్యని చెత్తబుట్టలో, జిగురు డబ్బాలూ కోసి పారేసిన మొహాల అంచులూ టీ ఆకూ కలిసిన కంపులో చెయ్యిపెట్టి తీశాను. మీ అక్క దీపం పట్టుకుంది. తడి దూదితో తుడిచి ఆరబెట్టాను. ఒక మూల మరక పోలేదు. వెడల్పు కూడా అట్టకి కొంచెం చాలలేదు, పక్కన సన్నటి తెల్ల చార వస్తుంది. ఇంతకంటే అసహ్యమైన స్లైడు నేనెవరికీ ఇవ్వలేదు. మూతి దగ్గర్నుంచి బాయిలరు చివర దాకా మాత్రం ఉంది.

మామగారు అన్నది నిజమే. ఆ మేనేజరు మనిషిని కోశాడు, నేను ఇంజన్ని కోశాను. వాడికీ నాకూ పెద్ద తేడా లేదు. ఈ మాట ఎవరితోనూ అనకు.

బావ


రైల్వే క్వార్టర్లు
అక్టోబరు

బావగారికి,

నిన్న ఆదివారం. కబురు పెట్టకుండానే షెడ్డువాళ్లు వచ్చారు. పిల్లలు నేల మీద సర్దుక్కూర్చున్నారు. నాన్న కుర్చీని గోడకి జానెడు దూరంలో వేసుకున్నారు.

ముందు ఇంజను ముక్క వేశాను. మరకా తెల్ల చారా ఎవరికీ పట్టలేదు. నాన్న లేచి మూతి దగ్గర్నుంచి గోడ పట్టుకుని పక్కకి నడుస్తూ వచ్చారు. బాయిలరు అయిపోయి గోడ తెల్లగా వచ్చిన చోట ఆగి, "ఊఁ, నన్ను పంపు" అన్నారు. మీట నొక్కాను. మిషను టక్కుమని ఇంజన్ని లాగేసి, క్యాబుని వేసింది. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు.

"వెళ్లింది," అన్నారు. "నా బండి నా ముందు నుంచి వెళ్లింది." మళ్లీ పంపమన్నారు. పంపాను. ఇంజను, తర్వాత ఆయన. ఇంజను, తర్వాత ఆయన. పిల్లలు కూత పెట్టడం మొదలెట్టారు. చూపు ఇంకెన్నాళ్లుంటుందో అన్న భయంతో నాకు వేళ్లు ఆగలేదు, టకటకా నొక్కుతూ పోయాను. నాన్న వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తి ఆపారు.

"ఆ మలుపులో అంత వేగం పనికిరాదురా," అన్నారు. "నెమ్మదిగా పోనియ్."

మీ బావమరిది